బంగారు స్పాంజి

ముహర్రక్‌ల ఉమ్ నాసర్ ఇంటి మజ్లిస్
పాతపడ్డదని పొద్దుగాల్నే అప్పజెప్పిన్రు మాకు.
డిజైనరమ్మ దానా
తాళంచెవుల గుత్తి లెక్క రంగు కార్డులు విప్పింది.
నలభై రకాల తెలుపు.
అన్నిటికీ పేర్లున్నయి:
ఒంటెపాల తెలుపు, ఉప్పు తెలుపు, పొద్దెక్కిన ఇసుక తెలుపు.
నాకైతే ఒక్కటే పేరు తెల్సు, సున్నం.
"ఇరవై ఏండ్లయినా పాతగనిపించొద్దు" అన్నది హిందీల.
సరేనన్న.
తలూపుడు నా పనిల సగం.

ముందుగాల పీకుడు.
మెరూన్ మఖ్మల్ పరదాలు దించితే
మడత మడతల ఒక్కో ఎండకాలం దుమ్ము.
సీలింగుకు జిప్సం ద్రాక్షగుత్తులు, కొంగమెడలు,
నడుమ తామరో గోబిపువ్వో తెల్వని పెద్ద పువ్వు.
సుత్తె తగలంగనె పిండి లెక్క మా నెత్తుల మీద పడ్డది.
భూమేష్ నవ్విండు:
"అన్నా, ఒక్క దినంలనె ముసలోనివైనవ్."
గుర్రపుకాళ్ల సోఫా, గాజు బల్ల,
ప్లాస్టిక్ గులాబీలు, వాటి కుండీల అడుగున
ఎవరో రోజూ నీళ్లు పోసినట్టు మరకలు.
అన్నీ పికప్ ఎక్కినయి.
గోడ మిగిలింది.

పైన వాల్‌పేపరు. నీళ్లు కొట్టి గీకితే
అటుకుల లెక్క ఊడొచ్చింది.
దాని కింద గులాబి ఎమల్షన్.
గులాబి కింద
నా చేతిల పట్టి ఆగింది.

బంగారు రంగు.
స్పాంజితోటి అద్దిన పూలు,
మూడు అద్దుళ్లకు ఒక తిప్పుడు.
తిప్పుడు కుడి నుంచి ఎడమకు వాలుతది.
ఎడమచేతి వాటమోనికే అట్ల వస్తది.

తలుపు ఎన్కకు పొయ్యి గీకి సూసిన.
ఉన్నది.
బంగారం డబ్బా అయిపోతె, మేస్త్రీ తిడతడని,
పసుపుల ఇంత గోధుమరంగు కలిపి
కనవడని జాగల కొట్టిన మూరెడు మేర.
పంతొమ్మిదేండ్లు దొరకని దొంగతనం.

గప్పుడు నేనొచ్చి నాల్గు నెలలు.
ఏజెంటు అప్పు మెడ మీద, అరబ్బీ నాల్గు ముక్కలు నాలిక మీద.
ఉమ్ నాసర్ పెద్దకొడుకు పెండ్లికని ఏసిన పూలివి.
ఆఖరి పువ్వు ఆరకముందే ఆమె వచ్చి
చెంపకు చెయ్యి ఆనిచ్చి
"మాషా అల్లా" అనుకుంట ఎంతసేపు నిలవడ్డదో.
అసొంటి మెప్పు మళ్ల ఏ గోడ కాడా దొరకలే నాకు.
ఆ రాత్రి ఫోన్ కార్డు గీకి ఇంటికి జెప్పిన:
"నేనేసింది నూరేండ్లు పోదు."

రంగు పోలే, నిజమే.
మోజే పోయింది.

దానా గోటితోని గీరి మూతి వంకర జేసింది.
"రాయి దాక పోండి" అన్నది.
పొయినం. బంగారం కింద ఆకుపచ్చ,
పచ్చ కింద సున్నం,
సున్నం కింద సముద్రపు రాయి,
చిల్లులు చిల్లులుగ, ఒక చిల్లుల చిటికెనవేలంత గవ్వ.
దానా చప్పట్లు గొట్టింది.
"ఇది ఇట్లనే ఉండనీయుండ్రి, ఇది పాతగాదు!"
ఏ నాటిదో పాటు నీళ్లల దిగి ఆ రాయి కోసుకొచ్చినోని సంగతి
ఎవ్వలు అడగలే, నేను సుత.

పగటాల ఉమ్ నాసర్ వాకర్ పట్టుకొని గుమ్మం కాడికొచ్చింది.
గోడను సూసింది.
పట్టి పట్టిన నా ఎడమచెయ్యి సూసింది.
ఏమనలే.
కాసేపటికి చాయ్ వచ్చింది,
పనోళ్ల కాగితం కప్పులల్ల గాదు,
సన్నటి గాజు గ్లాసులల్ల.

"గీ బంగారం పూలు ఏసినోడెవడే అన్నా? ఏం టేస్టు!"
నవ్వుకుంట భూమేష్ సంచి నింపుతుండు.
"ఎవడో" అన్న. "కొత్తగొచ్చినోడు."

తలుపు ఎన్క మూరెడు మాత్రం
ఆన్ని ముట్టనీయలే.
నేనే గీకిన,
చాయ్ సల్లారేదాక,
ఎడమచేత్తోనే.