ఆరు గీతలు

పాత హైబ్రిడ్ కారు.
నాకంటే ముందు కాకినాడలో ఎవరో వాడారు.
స్టీరింగు వెనక బుల్లి తెర మీద
బ్యాటరీ బొమ్మ, దాని కడుపులో ఎనిమిది గీతలు.
కొన్న నాటి నుంచీ
ఎనిమిదోది వెలగ్గా చూడలేదు.

పశువుల డాక్టర్ని.
జ్వరం, నాడి, నెమరు,
ఏదో ఒకటి తక్కువైతే రోగం వెతకడం అలవాటు.
ఆరు దగ్గరే ఆగిపోయే బ్యాటరీకి
ఏ రోగం పేరు పెట్టాలో తెలీక
రావులపాలెం తీసుకెళ్లాను, బాబ్జీ షెడ్డుకి.

బాబ్జీ బానెట్ కూడా ఎత్తలేదు.
"ఆయ్, ఇది ఫోను కాదండీ నిండా తాగడానికి.
నిండిపోతే, మీరు బ్రేకు తొక్కినప్పుడు వచ్చింది
ఎక్కడ పోసుకుంటదండీ?
ఖాళీ అయితే మళ్లీ కదపడానికి ఏం మిగులుద్దండీ?
సున్నా చూపించినా అడుగున దాచుకుంటది,
ఎనిమిది చూపించినా పైన చోటు వదులుకుంటది.
గీతలు మన కోసం గీసినయ్యండీ.
దాని లెక్క దానికి వేరే."
టీ తాగించి పంపాడు. డబ్బు తీసుకోలేదు.
ఉచితంగా వచ్చిన మాట కదా,
నాకు నమ్మకం కుదర్లేదు.

మా వైపు కొండల్లేవు.
కొండలంటూ ఉంటే అవి వంతెనలే.
గౌతమి మీదికి ఎక్కుతుంటే ఒక గీత ఆరిపోతుంది,
అవతల దిగుతూ కాలు తీసేస్తే
పోయింది పోయినట్టే తిరిగొస్తుంది.
మిగతాదంతా బల్లపరుపు:
అరటి గెలల లారీ వెనక పాకడం,
గేదెలు రోడ్డు దాటేదాకా ఆగడం,
మళ్లీ చప్పుడు లేకుండా కదలడం.

లాకుల దగ్గర ఏసుపాదం గారి గేదెకి పొదుగు వాపు.
ముప్ఫై రెండేళ్లు లస్కరుగా చేసి దిగిపోయిన మనిషి,
ఇప్పటికీ పొద్దున్నే వచ్చి
నీటి కొలత రాయి చూసి పోతాడు.
సూది వేసి, చేతులు కడుక్కుంటూ
ఊరికే అడిగాను:
కాలవ ఎంతవరకూ నింపేవారండీ?
"నింపటమేంటమ్మా!
నిండా పెడితే గట్టు కోసుకుపోద్ది,
పైనుంచి వానొస్తే ఎక్కడ పెడతాం?
బొత్తిగా దించేస్తే శివారు చేలకి ఎక్కదు.
పైన ఓ గీత, కింద ఓ గీత.
ఆ రెంటి మధ్యన నీళ్లెక్కడున్నా
నేను సుబ్బరంగా నిద్దరోయేవోణ్ణి."

కారు వైపు చూశాను.
గట్టు మీద, తుమ్మ నీడలో,
ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

శ్రావణంలో ఒక రాత్రి, ముమ్మిడివరం అవతల,
పల్లాలమ్మ గేదె ఈనలేక పడుకుంది.
కరెంటు లేదు. దూడ ఎదురుకాళ్లు.
కారుని పాక వాకిట్లోకి తెచ్చి లైట్లు వేశాను.
ఇంజను మూలిగినా లేదు, ఉన్నదంతా వాన చప్పుడే.
డ్రైవరు సీట్లో పల్లాలమ్మ మనవడు దుర్గేష్,
గీతలు లెక్కపెట్టి అరవడం వాడి పని.
మోచేతి దాకా లోపల నా చెయ్యి.
"ఐదండీ!"
ఒక గిట్ట దొరికింది, జారింది.
"నాలుగండీ!"
"మూడు!" అండీ ఎగిరిపోయింది.
రెండో గిట్ట దొరికేసరికి
"రెండూ! రెండూ!" వాడి గొంతు వణికింది.
బాబ్జీని మనసులోనే తిట్టాను,
ఏసుపాదం గారిని కూడా.

అప్పుడు దానంతటదే,
ఎవరూ తాళం తిప్పకుండానే,
గొంతు సవరించుకున్నట్టు ఇంజను లేచింది.
గేదె ఉలిక్కిపడి
ఒక్క ముక్కు ముక్కింది.
ఆవిర్లు కక్కుతూ దూడ నా ఒళ్లో పడింది.

"బండీ మంత్రసానేనండీ మీది" అంది పల్లాలమ్మ.
"మూడు! మళ్లీ మూడండీ!"
దుర్గేష్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు,
వాణ్ణి ఆపమని చెప్పడం మర్చిపోయాం.

జున్నుపాలు పిండిస్తానంది, కేను కడిగింది.
దూడ తాగాక మిగిల్తే చూద్దామన్నాను.

తెల్లారగట్ల తిరుగుదారి.
భుజం కింద నుంచి చెయ్యి ఉందో లేదో తెలీదు.
నాకెన్ని గీతలు మిగిలాయో చూపించే తెర
ఎక్కడా లేదు.
వంతెన దిగుతూ కాలు తీశాను.
ఏడు వెలిగింది.
పక్కన ఎనిమిదో గడి చీకటిగానే ఉంది.
ఇంకా దాని వంకే చూస్తాను, అలవాటు పోలేదు.
ఊళ్లోకి మలుపు తిరిగేసరికి
మళ్లీ ఆరు.