ఫ్రిజ్ తలుపు సందులో తువ్వాలు

అక్టోబరు మూడోవారం నుంచి
మా పాత రంపపు మిల్లు కొట్టంలోకి
ఒక్కొక్కటిగా వస్తాయి, పదకొండు మోటార్‌హోములు.
ఉత్తర స్వీడన్‌లో మంచు మాట తప్పదు.
మిల్లు మూతపడి ఇరవై ఏళ్లయింది,
చెక్కపొట్టు వాసన మాత్రం
రావలసిన జీతం కోసం ఇంకా ఇక్కడే తిరుగుతోంది.

ఎవరి బండో నంబరు చూడక్కర్లేదు నాకు.
తలుపు తీస్తే ముక్కే చెబుతుంది.
హోల్గర్‌ది పొగాకు, ఆరని వల.
కవల అక్కచెల్లెళ్లది ఏలకుల రొట్టె.
ఆ పొడికి ఎలుకలు వరస కడతాయని
ఏటా చెబుతాను, ఏటా నవ్వుతారు.
గుడ్‌ముండ్ బండిలో ఆగస్టు ఎండకి
పులియబెట్టిన చేపల డబ్బా ఉబ్బి పేలింది.
దాని గురించి నేను మాట్లాడను.
ఊరంతా మాట్లాడింది.

అత్తరు చల్లితే కంపు పోదండీ.
రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి,
ఒకే ఇంటికి వచ్చిన ఇద్దరు అప్పులవాళ్లలా.
వాసనకి వేరుంటుంది, దాన్ని పట్టుకోవాలి:
సింకు కింది వంపులో నిలిచిన నీళ్లు,
పరుపు అడుగున చెమ్మ,
మురుగు తొట్టి గోడకి అంటుకున్న వేసవి.

ట్యాంకులన్నీ ఖాళీ చేస్తాను,
కుళాయిలు తెరిచి వదిలేస్తాను.
గొట్టంలో మిగిలిన గుక్కెడు నీళ్లు చాలు
జనవరిలో గడ్డకట్టి ఇత్తడిని చీల్చడానికి.
నీరు మెత్తనిదన్నవాడు మా ఊరు రాలేదు.
పరుపులు గోడకి నిలబెడతాను, గాలి ఆడనీ అని.
ఫ్రిజ్ తుడిచి, తలుపు పడిపోకుండా
సందులో తువ్వాలు చుట్టి పెడతాను.
మూసిన పెట్టె మాట్లాడని మనిషిలాంటిది,
లోపల్లోపలే బూజు పడుతుంది.
ఒక గిన్నెలో వంటసోడా, ఒక గిన్నెలో బొగ్గు,
నేల మీద చెమ్మ తాగే ఉప్పు.
బ్యాటరీలు విప్పి ఇంటికి మోసుకెళతాను.
వంటింటి గోడవారన పదకొండు.
మా ఇంగెయెర్డ్ వాటిని
అద్దె ఇవ్వని చుట్టాలంటుంది.

టూరా బండి వచ్చినరోజు కుక్క కూడా దిగింది.
స్నుర్రె. పద్నాలుగేళ్ల బూడిదరంగు వేటకుక్క.
మెట్టు దిగడానికి నా చెయ్యి కావాల్సి వచ్చింది.
లోపల ఆ వాసన ఎంతంటే
తెరలు కూడా తోక ఊపుతాయేమో అనిపించేంత.
"మొత్తం పోగొట్టు," అంది టూరా. "మొత్తం."

వెనిగర్ నీళ్లతో గోడలు రెండుసార్లు.
తెరలు ఉతికాను. కార్పెట్ మీద సోడా చల్లి
రాత్రంతా ఉంచి దులిపాను.
హీటరు చిల్లుల్లోంచి వెంట్రుకలు
పట్టకారుతో ఒక్కొక్కటే లాగాను.
ఒక్క దిండు మిగిలింది, డ్రైవరు వెనక సీటుది.
జిప్ పట్టేసింది. వేళ్లు కొయ్యబారాయి.
రేపు చూద్దాంలే అని సంచిలో వేసి ముడేసి
బీరువా పైన పడేశాను.
ఆ రేపు ఆర్నెల్లు రాలేదు.

కప్పు మీద మంచు దింపుతూ,
పదిహేను రోజులకోసారి ఉప్పునీళ్లు పారబోస్తూ,
టైర్లు ఒకేచోట నలగకుండా
బండ్లని జానెడు ముందుకీ జానెడు వెనక్కీ నెడుతూ.
అంతే వాటి చలికాలపు ప్రయాణం.

ఏప్రిల్ చివర టూరా వచ్చింది, ఒక్కతే.
నేనేమీ అడగలేదు.
చేతిలో తాడు లేదు, ఉన్నట్టే
ఆ చెయ్యి ఒంటికి కాస్త ఎడంగా ఉంది.
తలుపు తీసింది.
గాలి పీల్చింది. మళ్లీ పీల్చింది,
ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని పిలిచినట్టు.
"చాలా బాగా చేశావు," అంది.
అంత చేదైన మెప్పు నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు గుర్తొచ్చింది బీరువా పైన సంచి.
పని మిగిల్చానని, జిప్ పట్టేసిందని
ఏదో నసిగాను.
ఆమె అప్పటికే ముడి విప్పుతోంది.

నేను బయటికొచ్చి టైర్లలో గాలి చూశాను.
నాలుగింటిలోనూ సరిగ్గానే ఉంది.
మళ్లీ మొదటి టైరు దగ్గరికి వెళ్లాను.