ఆదాయ సర్వే

వెస్ట్ వర్జీనియా కొండల్లో
నూట పద్నాలుగు గడపలు, మా టాలో క్రీక్.
కొత్త పైపులకు గ్రాంటు రావాలంటే
మేం సరిపడా పేదవాళ్ళమని
మేమే రుజువు చేసుకోవాలి.
కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది,
ఈ ఫారం అడిగేది అదే.

ఊరి ఆఫీసుకు గుమాస్తాని నేనొక్కదాన్నే.
చంకలో కాగితాల కట్ట,
జేబులో కుక్కలకు బిస్కెట్లు.

వెర్లీన్ కుళాయి తిప్పి
టీ రంగు గ్లాసు చేతికిచ్చింది.
"ఇది రాసుకో ఆదాయం కింద."
వాగు గట్టు ఇళ్ళకు సెప్టిక్ ట్యాంకుల్లేవు,
గొట్టాలు తిన్నగా నీళ్ళలోకే.
ఆ సంగతి ఏ గడిలో రాయాలని
రాజధానికి ఫోన్ చేశాను.
"అనుబంధం సి" అన్నారు.

ఓడెల్ క్రిచ్‌ఫీల్డ్,
గని తినగా మిగిలిన ఊపిరితిత్తులతో
వరండాలో కూర్చుని పెన్ను అడిగాడు.
పింఛను తప్ప పైసా రాని మనిషి
అరవై వేలు రాశాడు.
సున్నాలు తాపీగా, గుండ్రంగా దిద్దాడు.
"లేనివాణ్ణని నా చేత్తో ఎప్పుడూ రాయలేదమ్మా."

రాత్రి కూడి చూస్తే
అలాంటి ఓడెళ్ళు పదకొండు మంది.
హద్దు దాటిపోయాం,
రెండు వందల పది డాలర్లతో.
గడువు శుక్రవారం.

పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను.
స్టవ్ మీద పెద్ద గిన్నె మరుగుతోంది.
పాత చొక్కా గుడ్డలో
రెండుసార్లు వడగట్టి
కాఫీ కలిపిచ్చాడు, పంచదార ఎక్కువేసి.
తాగాను.
ఖాళీ ఫారం
ఇంకా సంచిలోనే ఉంది.