వెనక చీల

కళింగపట్నంలో ఉప్పువర్తకుల ఇల్లు పడగొడుతున్నారు.
పెంకు దించేశారు, దూలాలు దించేశారు,
అలమర ఒక్కటీ నా వంతు.
విశాఖ బేరగాడు ఫోన్‌లో ఒకటే మాట:
"దాలయ్యా, నునుపు చెయ్యకు, రంగు పుయ్యకు,
హోటలోళ్ళకి పాతే ముద్దు."

గోడలో ఒదిగిన అలమర.
అటు వసారా, ఇటు వంటిల్లు,
నడుమ మూరెడు మందం చీకటి.
అలమరనే మాట పరంగి ఓడ దిగిందట,
మా మేస్త్రీ అనేవాడు.
మాట దిగితే దిగింది గానీ
కర్ర మాత్రం వంశధార మీద తేలుతూ వచ్చిన గుగ్గిలం,
తలుపులు ఉద్దానం పనస.
నూనెగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే
లోపలి పసుపు ఇంకా లేస్తోంది.
రెండొందల ఏళ్ళో, మూడొందలో,
చెక్క లెక్క చెప్పదు.
ఇనుప బందుల్ని సముద్రం తినేసింది,
ముట్టుకుంటే రేకులు రేకులుగా రాలి
వేళ్ళకి ఎర్రగా అంటాయి.

తెరిచాను.
ముందు వాసన వచ్చింది. కర్పూరం, తాటాకు,
అడుగున ఎక్కడో నువ్వులనూనె.
నడిమి అరలో నాలుగు గుండ్రాలు,
జాడీలు తరాలుగా కూర్చుని లేచిన చోట్లు.
పక్కన బెల్లం కారి గడ్డకట్టిన నల్లచారిక.
చీమలు ఇప్పటికీ దాని చుట్టూ తిరుగుతున్నాయి,
ఏ తాతలు చెప్పి పోయారో వాటికి!

ఒకటి అర్థం కాలేదు నాకు.
పాత అలమర ఏది విప్పినా
తాళం కన్నం చుట్టూ గీతలుంటాయి:
పిన్నీసువో, దబ్బనానివో, గోళ్ళవో.
చెవి అత్తగారి బొడ్డున ఉన్నన్నాళ్ళూ
ఎవరో ఒకరు రాత్రిపూట గీరకుండా ఉండరు.
దీనికి ఒక్క గీతా లేదు.

వంటింటివైపు వెళ్ళాను.
వేలెడు మందం మసి. ఉలితో గీరాను.
అయిదు పలకలు.
నాలుగింటికి ఇనుప మేకులు,
అయిదోదానికి, మోకాలెత్తున,
చిటికెనవేలంత చెక్క చీల.
రెండు వేళ్ళతో తిప్పితే వచ్చేసింది.
పలక పక్కకి జరిగింది, చప్పుడు లేకుండా.
జరిగేచోట మైనం రాసి ఉంది.
ముంజేయి పట్టే సందు.
గాజులు తగిలి మోగకుండా
అంచు గుండ్రంగా తీసి ఉంది.
అవతల చెయ్యి చాపితే తగిలేది బెల్లంజాడీ చోటే.

పలక లోపలి ముఖాన మూడు గంట్లు, ఒక చుక్క.
మా నాన్న బాడిస పిడి మీద ఉండేదది.
రాయడం రాని లక్కోజు వాళ్ళ సంతకం.

ఎవడివయ్యా నువ్వు?
పని నడిచిన నెల్లాళ్ళూ
ఆ గుమ్మం బయట కూర్చుని చోడంబలి తాగి ఉంటావు.
పోసిన చెయ్యిని చూసి ఉంటావు,
మణికట్టు ఎముక, దాని మీద జారుతున్న గాజు.
ఆవిడ ఏమీ అడిగి ఉండదు.
నువ్వు ఏమీ అడిగి ఉండవు.
కూలి పుచ్చుకుని వెళ్ళేరోజు
తల పైకెత్తకుండా,
"అమ్మా, ఆ కింది చీల కాస్త వొదులు,
సూసుకోండి" అని ఉంటావు.
అంతే.

యజమాని పద్దులో రాసుకుని ఉంటాడు
ఎంత కర్ర, ఎన్ని మేకులు, ఎంత కూలి.
చీల ఒక్కటీ ఏ పద్దులోకీ ఎక్కి ఉండదు.

సాయంత్రం బేరగాడు మళ్ళీ ఫోను:
"వెనక పలకలు వొద్దు, గోడకి ఆనించీస్తారు,
పొయ్యిలో పెట్టీ."
అలాగే అన్నాను.
నాలుగు పెట్టాను.

అయిదోది ఇంటికి తెస్తే
"ఏటది?" అంది పోలమ్మ.
"పలక."
"ఏటికి?"
"ఉండనీ."
దాని మీద ఉప్పుజాడీ పెట్టేసింది.

చీల నా చొక్కా జేబులో ఉంది.
టీకొట్టు దగ్గర చిల్లర కోసం వెతికితే
ముందు అదే తగులుతోంది.