చేబదులు

మెషీన్స్ ల్యాబు మూడో అంతస్తులో.
కామర్స్ బ్లాకు కింద, సైకిల్ స్టాండు పక్కన.
మధ్యలో అరవై రెండు మెట్లు.
ఐదేళ్ల కోర్సులో నేను మొదట నేర్చుకున్నది
ఆ మెట్ల మీద పరిగెడుతూ ఇడ్లీ తినడం.

పైవాళ్లకి నేను జమాఖర్చులమ్మాయిని,
కిందవాళ్లకి కరెంటమ్మాయిని.
ఫ్యాను ఆగితే కామర్స్ క్లాసంతా నా వైపు చూస్తుంది.
ఫేర్‌వెల్ చందాల లెక్క తేలకపోతే
ఎలక్ట్రికల్ వాళ్లకి నా పేరు గుర్తొస్తుంది.
రెండు రిజిస్టర్లలోనూ ఆఖరి నెంబరు నాదే.

"రెండు పడవల మీద కాళ్లే నీవి" అంది మా పిన్ని
ఫీజు కట్టిన రోజున.
గుంటూరులో పడవలెక్కడివి పిన్నీ,
రెండు షేర్ ఆటోల్లో చెరో కాలు అను.

ఏప్రిల్లో ప్రాజెక్టు కోసం
ఏటుకూరు రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను.
యార్డు దాటేసరికి ఆటో మొత్తం తుమ్మింది.
బయట నలభై మూడు డిగ్రీలు, లోపల ఆరు.
చీకట్లో, వరస మీద వరస,
ధర లేచేదాకా లేవని మిరప టిక్కీలు.

గుమాస్తా నాగుల్ మీరా గారు
కళ్లజోడుకి నల్లదారం కట్టుకున్నారు.
ముప్పై ఒక్కేళ్ల బిల్లులు ఊచలకి గుచ్చి ఉన్నాయి.
"కరెంటు బిల్లుని చదవడమేంటమ్మా,
కట్టడమేగా" అన్నారు.

బిల్లులో రెండు అంకెలుంటాయండీ.
కిలోవాట్ అవర్లు ఒకటి, కేవీఏ అవర్లు ఒకటి.
మోటారు పని చేసింది మొదటిదానికి,
మీరు డబ్బు కట్టేది రెండోదానికి.
మధ్యలో తేడా ఉందే,
అది వచ్చి, ఏ పనీ చెయ్యకుండా, వెనక్కి పోయే కరెంటు.
అయినా అది లేకపోతే మోటారు తిరగదు.
సెకనుకి వందసార్లు తీసుకుంటుంది,
వందసార్లు తీర్చేస్తుంది.
దారిలో తీగె మాత్రం వేడెక్కుతుంది.
పక్కనే కెపాసిటర్ ఉంటే
ఆ రాకపోకలు అక్కడికక్కడే.

ఆయన కాసేపు పెన్ను మూత నమిలారు.
"పక్కింట్లో చేబదులన్నమాట.
ఊరవతల షావుకారు దాకా పోకుండా."

మూడేళ్లు తరగతిలో కూర్చున్నాను.
ఈ మాట ఎవరూ చెప్పలేదు.

ప్యానెల్ తలుపు తీస్తే
ఆరింటిలో మూడు కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి.
ఒకదాని వెనక బల్లి గుడ్లు.
ఎప్పుడు పోయాయో తెలియాలంటే ఊచ విప్పాలి.
ఒక్కో బిల్లూ తిరగేస్తూ వెనక్కి వెళితే
మూడేళ్ల కిందటి వేసవిలో దొరికింది,
రెండంకెలూ విడిపోయిన నెల.
దాని మార్జిన్లో ఆయన దస్తూరీ, పచ్చ ఇంకుతో:
ఈ ఏడు ఎండలెక్కువ.
మరుసటి ఏడూ అదే మాట.
ఆపై ఏడూ.

కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.
"మూడేళ్లు ఎండని తిట్టానమ్మా" అన్నారు,
ఎండకి క్షమాపణ చెబుతున్నట్టు.

నేను రెండు రిపోర్టులు రాశాను.
పైన ఇచ్చినదాంట్లో కొసైన్లు, వెక్టార్ బొమ్మలు.
కింద ఇచ్చినదాంట్లో ఆదా, తరుగుదల,
పెట్టుబడి తిరిగొచ్చే నెలలు.
ఆ పచ్చ ఇంకు ముక్క
రెండింట్లోనూ ఎక్కడా పట్టలేదు.

ఓనరు కెపాసిటర్లు మార్పించాడు.
నాకు ఐదు కిలోల తేజా మిర్చి, క్యారీబ్యాగులో.
అలవాటు కొద్దీ రాత్రి నోట్సు వెనకపేజీలో రాసుకున్నాను:
ఖర్చు వైపు, మిర్చి, ఐదు కిలోలు.
జమ వైపు ఎవరి పేరు రాయాలి?
ఓనరుదా? బల్లిదా?
ఒక్క ముక్కలో నాకు పాఠం చెప్పిన మనిషిదా?

రేపు ఎనిమిదిన్నరకి పైన వైవా,
తొమ్మిదిన్నరకి కింద టెస్టు.
మెట్ల మీద తినబోయే ఇడ్లీల్లోకి
నాన్న కొత్త కారం నూరుతున్నాడు.
కొరిటెపాడు సందంతా దగ్గు.
నేనూ తుమ్మాను. పెన్ను జారి
జమ వైపు ఖాళీలో ఒక వంకర గీత పడింది.

కొట్టెయ్యలేదు.