నీలం గేటు

పార్క్‌లేన్‌లో రెండో అంతస్తు, లిఫ్టు పక్క షాపు నాది.
శనివారం సాయంత్రం ఇస్తారి
ఆటోలో, బొంత చుట్టి, ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు
చిలకలగూడ ఎక్స్‌రే సెంటరు పాత కంప్యూటరు.
"ఫిలిం వస్తే నెట్టు పోతది,
నెట్టు వస్తే ఫిలిం పోతది మేడమ్,
రెండు ఒక్కతాన ఉంటలేవు."

విప్పాను.
దుమ్ము. ఒక బల్లిగుడ్డు పెంకు.
కార్డులు రెండూ మంచివే.

బోర్డు పుట్టినరోజు ఎవరో ఒక చిట్టా రాసి లోపల పెట్టారు.
కరెంటు రాగానే అది లేచి
ఎవరికే గదో చదువుతుంది.
ఇద్దరికీ ఒకే గది చదువుతుంది.
పక్కన ఇంత పెద్ద హాలు ఖాళీ,
దాని మీద మాత్రం రిజర్వ్‌డ్ అని ఉంది.
ఎవరికో. వాళ్లు ఎన్నడూ రాలేదు.

దిద్దించుకుందామంటే ఆ కంపెనీ లేదు.
స్లాటు మార్చాను, మళ్లీ అదే.
బయోస్‌లో ఆ గీత బూడిదరంగు, వేలు పెట్టనివ్వదు.
"బోర్డు పడేయక్కా," అన్నాడు పక్కషాపు సలావుద్దీన్, షట్టరు సగం దించి.
ఈ ఎక్స్‌రే కార్డు ఇంకే బోర్డులోనూ పట్టదు.
కొత్త మిషను తొమ్మిది లక్షలు.

మా వారాసిగూడ గల్లీలో రెండిళ్లకి ఒకటే నంబరు.
పదకొండు డాష్ నాలుగు బై మూడు.
మున్సిపాలిటీలో ఏ గుమాస్తా చెయ్యి నిద్రపోయిందో!
చంద్రకళ ఆంటీ పెన్షను కాగితం
మా టీవీ కింద పదకొండు రోజులుంది.
అర్జీలు పెట్టీ పెట్టీ
అమ్మ చివరికి ఒక రంగు డబ్బా కొంది.
అప్పట్నుంచి నంబరు కింద ఒక మాట రాస్తాం: నీలం గేటు.
రికార్డులో ఆ మాట లేదు.
పోస్టుమాన్ తలలో ఉంది.

రాత్రి తొమ్మిదిన్నరకి
బూటయ్యే వరుస చివర నేనూ ఒక మాట చేర్చాను.
చిట్టా చదివితే చదవనీ,
నువ్వే పోయి తలుపు తట్టి చూడు, అని.

తట్టింది.
హాల్లో ఎవరూ లేరు.
నెట్టు కార్డు సామాను సర్దుకుని అందులోకి పోయింది.

తెర మీద ఎవరిదో మోచెయ్యి తేలింది,
సన్నగా, విరగకుండా.
వెనక ఆకుపచ్చ దీపం కొట్టుకుంటోంది.

"బాగైనట్టేనా?"
"బాగు కాలే. నడుస్తది."
డబ్బా మీద టేపు అంటించి మార్కరుతో రాశాను:
చివరి మాట చెరపొద్దు.

రేపు పొద్దున కూడా బోర్డు అదే అబద్ధం
అంతే నమ్మకంగా చదువుతుంది.

మొన్న చంద్రకళ ఆంటీ వాళ్లు గేటుకి రంగేయిస్తామన్నారు.
"ఏ రంగైనా వేయించుకో వదినా," అంది అమ్మ,
"ఆ ఒక్కటి తప్ప."