చిల్లర

నూట నలభై రూపాయలు.
ఆ పొద్దు ఆయన నాకివ్వాల్సిన చిల్లర అది.

తుమకూరు రోడ్డులో మాదావర దాటినాక
సర్వీసు రోడ్డు మలుపు దగ్గర
టార్పాలిన్ కప్పిన తోపుడుబండి.
తిప్పేస్వామిది పావగడ పక్క పల్లె.
నేను ఫోన్లో మాట్లాడేది విని
"మనోళ్లేనా" అన్నాడు,
నీళ్లకాయా, గంజికాయా అనడిగి
మూడు వేట్లలో కాయ నోరు తెరిచాడు.

ఒక్క గుక్క తాగానో లేదో,
లారీని కారు, కారుని ఇంకో కారు.
చప్పుడు ముందు కాళ్లకు తెలిసింది
తర్వాతే చెవులకు.

మంట మొదట చిన్నదే,
వంగి బీడీ ముట్టించుకోవచ్చనిపించేంత.
ముప్పై మందిమి ఉంటాం.
ఫైరింజనుకు చెయ్యండని ఎవరో అరిచారు.
అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి,
అన్నీ అడ్డంగా పట్టుకొని ఉన్నాయి.
నా చేతిలో కాయ.
దాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు.
ఈ ఒక్క ముక్క రాయడానికే
ఇన్నాళ్లు పట్టింది నాకు.

ఆయన పరిగెత్తలేదు.
తాడు తెంచుకున్న ఎనుము వెంట
పోయేవాడిలా గబగబా నడిచాడు.
కత్తి వెన్నుతో అద్దం మీద ఒక్కటి,
కాయను కొట్టినట్టే, కొలిచి.
లోపల బెల్టు బిగుసుకున్నామె
కత్తిని చూసి కెవ్వుమంది,
నిప్పుకన్నా ఆయనకే ఎక్కువ జడిసింది.
వచ్చిన కన్నడంలో తల వంచమన్నాడు.
బెల్టు తెగింది.
ఆమె. వెనక సీట్లో ముసలాయన.
రెండో కారులోంచి
ట్యూషన్ సంచులు వదలని ఇద్దరు పిల్లలు.
ఆ కారు డ్రైవరు కాళ్లను మాత్రం
ఇనుము వదల్లేదు.

ఆ తర్వాత నేను బస్సెక్కాను.
పీణ్యలో షిఫ్టు ఉండింది.

నెల దాటాక పోతే
కుడిచేతికి మోచేతి దాకా తెల్లగుడ్డ.
నన్ను చూడగానే ఎడమచేత్తో
డబ్బా కింద తడిమి
మడిచిన నోట్లు తీశాడు.
"ఆ పొద్దు యాడికి పోతివి నువ్వు?"

పోలీసులు కత్తిని తీసుకుపోయారట,
పదైదు దినాలు పెట్టుకున్నారట.
కాగితంలో మారణాయుధమని రాశారట.
అది చెప్పి బాగా నవ్వాడు.

"నలుగురిని కాపాడినావు" అన్నాను.
"అయిదుగురు ఉండిరి" అన్నాడు.
"నువ్వు పోన్నా, పిల్లోళ్లను సూసుకో అన్య వాడు.
ఏ బాసలో అన్యాడో గెవనం లేదు.
అర్థమైతే అయింది."

బండి మీది కాయల్ని
ఊరికే అటూ ఇటూ సర్దాడు కాసేపు.

తాగుతావా, అయితే నువ్వే కొట్టుకోవాల,
అని కత్తి చేతికిచ్చాడు.
అలుగు వారగా నల్లటి మరక,
కరిగి అంటుకున్న బెల్టు నార.
ఇసకేసి తోమినా పోలేదంట.
"ఏలు అడ్డం పెట్టొద్దు.
కాయను సూడు, కత్తిని సూడొద్దు."

మొదటి వేటు జారింది.
రెండోది కాయను చీల్చి
నీళ్లన్నీ నా చొక్కా మీద పోసింది.

"బయపడతావు నువ్వు" అన్నాడు.
తప్పు పట్టినట్టు కాదు,
కాయ లేతో ముదురో చెప్పినట్టు.
ఇంకో కాయ తీసి
నా ముందు పెట్టాడు.